చింతచిగురు పప్పు: చిగురు పప్పుతోపాటే కుక్కర్లో వేయాలా, విడిగా మగ్గించి కలపాలా?

కందిబద్ద:
మాది అమలాపురం దగ్గర పల్లె. మా ఆవిడది కడప జిల్లా. కాపురం బెంగళూరులో. ఏటా ఉగాది దాటి చింతచిగురు రాగానే మా ఇంట్లో ఒక తగాదా పైకి లేస్తుంది. మా అమ్మ కందిపప్పు మెత్తగా ఉడికించి, చిగురును పచ్చిమిర్చితో నూనెలో మగ్గించి, చివర్లో కలిపేది. మా అత్తగారింట్లో అన్నీ ఒకే గిన్నెలో ఉడకాల్సిందే. నిన్న ఆవిడ పద్ధతిలో నేనే వండాను. గ్లాసు కందిపప్పు, వంద గ్రాముల చిగురు, ఆరు పచ్చిమిరపకాయలు, ఒక ఉల్లిపాయ, పసుపు కుక్కర్లో వేసి నాలుగు విజిళ్లు రానిచ్చాను. మూత తీస్తే నీళ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు! ఇంకో మూడు విజిళ్లు వచ్చినా గుత్తికి లొంగలేదు. పైగా కావాలనే చెడగొట్టానని నింద. ఏది సరైన పద్ధతో మీరే తేల్చండి.

మూడు విజిళ్లు:
తేల్చడానికి ఏముందండీ! ఇరవై ఏళ్లుగా కలిపే పెడుతున్నాను, ఒక్కసారి కూడా బద్ద మిగల్లేదు. మీ పప్పు పాతదై ఉంటుంది. గోంగూర పప్పుకు ఆకు, పప్పు కలిపి పెట్టడం లేదా? దానికి లేని పట్టింపు దీనికి ఎందుకు? రెండు గిన్నెలు, ఒక మూకుడు తోమేది ఎవరో కూడా చూడాలి కదా.

నల్లబల్ల:
పప్పు పాతదే కావచ్చు, కానీ దోషం దానిదొక్కదానిదే కాదు. బద్ద మెత్తబడటమంటే, లోపలి కణాలను అతికించి ఉంచే పెక్టిన్ అనే జిగురు వేడికి కరిగిపోవడం. పులుపు తగిలితే ఆ జిగురు కరగకుండా మొండికేస్తుంది. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లమే చిగురులోనూ ఉంటుంది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కూడా బద్దను గట్టిపరుస్తాయి. కందిబద్ద గారూ, మీరు వాడింది బోరు నీళ్లేనా?

మూడు విజిళ్లు గారి అనుభవాన్ని కాదనను. కుక్కర్లో వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది. కొత్త పప్పు, మంచి నీళ్లు, రెండు గుప్పెళ్ల ఆకు అయితే పులుపును కూడా నెగ్గుకొస్తుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా కందిబద్ద గారి గతే.

కందిబద్ద:
బోరు నీళ్లే.

గరిటె జాడ:
చిటికెడు వంటసోడా వేస్తే సరిపోయేదానికి ఇంత పాఠమా?

పప్పుగుత్తి:
సోడా పడితే పులుపు విరుగుతుంది. చికెన్ ధరను మించి డబ్బు పోసి చిగురు కొనేది ఆ పులుపు కోసమే కదండీ. దాన్ని చంపడానికి మళ్లీ సోడానా?

నాది విడిగా మగ్గించే పక్షం. కారణం పప్పు ఉడకదని మాత్రమే కాదు. చిగురును ముందే కడిగి, పలుచటి గుడ్డ మీద తడి ఆరేదాకా ఆరబెట్టి, ఆ తరువాత అరచేతుల మధ్య నలపాలి. తడి మీద నలిపితే ఆకులు చేతికి అంటుకుపోతాయి, పుల్లలు మాత్రం అలాగే ఉంటాయి. ఆరాక నలిపితే ఆకు పొడిపొడిగా రాలుతుంది. చేటలో పోసి చెరిగితే సన్నటి ఈనెలు వేరవుతాయి. ఇంత శ్రమ పడి సిద్ధం చేసుకున్న ఆకును కుక్కర్లో నాలుగు విజిళ్లపాటు ఉడకబెడితే దాని వాసన ఎక్కడ మిగులుతుంది? రెండు చెంచాల నూనెలో సన్నసెగ మీద అయిదు నిమిషాలు వేయించండి చాలు. పచ్చివాసన పోతుంది, వగరు తగ్గుతుంది. ఆకుపచ్చ కాస్తా బురదరంగుకు తిరగడం మాత్రం తప్పదు. పులుపున్న ఆకు వేడికి అలాగే అవుతుంది, కంగారు పడకండి.

చెట్టు నీడ:
ధర మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. హైదరాబాద్‌లో చెట్లు మిగిలితే కదా చిగురు చవకగా దొరికేది! రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ మొదటి గొడ్డలి చింతచెట్టు మీదే పడుతోంది. 1908 మూసీ వరదలో సుమారు 150 మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నది కూడా చింతచెట్టే. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది, చూసి రండి.

మూడు విజిళ్లు:
చూస్తాం లెండి. ముందు పప్పు సంగతి చూద్దాం.

జొన్నరొట్టె:
మాది జమ్మలమడుగు వైపు. కందిబద్ద నాయనా, మీ ఆవిడ చెప్పిన పద్ధతి తప్పు కాదు, నువ్వు దాన్ని అర్థం చేసుకున్న తీరు తప్పు. ఒకే కుండలో వండుతామంటే అన్నీ ఒకేసారి కుండలో పోస్తామని కాదు. మా అమ్మ పప్పును ముందు ఎసట్లో వేసేది. కాసేపయ్యాక ఒక బద్ద తీసి బొటనవేలితో నొక్కి చూసేది. పైన నలిగి, నడుమ సన్నటి పలుకు తగలాలి. అప్పుడు చిగురు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసి కట్టెలు వెనక్కి లాగేది. ఆ సెగ మీద ఆకు, పప్పు రెండూ కలిసి మగ్గేవి. ఉప్పు వేసి ఎనిపి, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆవాలతో తిరగమాత పెడితే అయిపోయింది. కుక్కర్ వచ్చాక నడుమలో మూత తీసే వీలు లేకపోయింది. మా కోడళ్లందరూ అన్నీ ఒకేసారి పోయడం నేర్చుకున్నారు. మీ ఇంట్లో తగాదా మీ రెండు ఊళ్ల మధ్య కాదు, కుండకూ కుక్కర్‌కూ మధ్య.

నల్లబల్ల:
అమ్మా, నేను అంత పొడుగున చెప్పింది మీ అమ్మగారి బొటనవేలు ఎప్పుడో చెప్పేసింది.

పప్పుగుత్తి:
ఒప్పుకోను. కుండలో అయితే సరే. కానీ మగ్గించినప్పుడు వచ్చే వాసన నీళ్లలో ఉడికిన ఆకుకు రాదు గాక రాదు.

డాలస్ వంటిల్లు:
మాకు ఈ రెండు పద్ధతులూ పనికిరావు. ఇక్కడ మాకు చేతికందేది ఎండిన చిగురు. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు పులుపుకు లోటు లేదు, ఆకే గట్టిగా ఉంటుంది. నూనెలో ఎంత వేయించినా నోటికి పొట్టులా తగులుతుంది. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, సగం ఉడికిన పప్పులో వేస్తేనే లొంగుతోంది. జొన్నరొట్టె గారి కుండ పద్ధతి తెలియకుండానే నేను అక్కడికే చేరానన్నమాట.

కందిబద్ద (రెండు రోజుల తరువాత):
అందరికీ నమస్కారం. ఆదివారం రెండు విధాలా వండాం. పప్పు ఒకటే, కిరాణా కొట్టులో కొత్తగా తెచ్చింది. ఈసారి బోరు నీళ్లు కాదు, తాగడానికి తెచ్చుకునే క్యాను నీళ్లు. ఒక గిన్నెలో మా అమ్మ పద్ధతి. రెండోది జొన్నరొట్టె గారు చెప్పినట్టు మందపాటి స్టీలు గిన్నెలో, కుక్కర్ జోలికి పోకుండా. బద్దను నొక్కి చూసింది మా ఆవిడే. ఆ పని నాకు అప్పగించలేదు.

మగ్గించి కలిపినదానిలో పప్పు వెన్నలా ఉంది. చిగురు ఆకు ఆకుగా తగులుతోంది, పులుపు ముద్దకో చోట చురుక్కుమంటోంది. రెండోదానిలో అక్కడక్కడా బద్ద కనిపించింది కానీ, పులుపు ప్రతి బద్దలోకీ ఎక్కింది. నెయ్యి వేసుకుని ఊరమిరపకాయలతో తింటే రెండోదే నచ్చింది నాకు. ఈ మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఒక సంగతి మాత్రం రాయాలి. మర్నాడు పొద్దున మిగిలిన పప్పు వేడి చేసి చూస్తే ఏది ఏ గిన్నెలోదో చెప్పలేకపోయాను. రాత్రంతా నాని మా అమ్మ పప్పు కూడా పులుపు పీల్చుకుంది.

జొన్నరొట్టె:
చింతచిగురు పప్పు మర్నాటికి మిగిలిందా? అయితే రెండూ సరిగ్గా కుదరలేదు నాయనా.