ముఖాల్లేని ఆకారాలు గోడలకు అంటిస్తే అది కళేనా?

గోడబొమ్మ:
1983లో అర్జెంటీనాలో జరిగిన సిలూయెతాసో అనే నిరసన ఫోటోలు చూశాను. బ్యూనస్ ఐరిస్ గోడల నిండా మనిషంత కాగితాలు, వాటి మీద ఒట్టి ఔట్‌లైన్లు, కళ్లూ ముక్కూ లేవు. చాలావరకు గీసింది దారిన పోయేవాళ్లేనట. నేనూ బొమ్మలు వేస్తాను, చూశాక రాత్రి నిద్ర పట్టలేదు. కానీ ఎవరైనా గీసేయగలిగితే ఇందులో ఆర్టిస్టు పని ఏముంది? ముఖాలు ఎందుకు వేయలేదు?

పాతపేపర్లు:
అప్పటి పరిస్థితి చూడాలండి. 1976 మార్చి 24న సైన్యం గద్దెనెక్కింది, సైన్యం పరువు తీసే వార్త వేస్తే పదేళ్ల దాకా జైలని ప్రకటించింది. తర్వాత మనుషుల్ని ఎత్తుకుపోయారు, హక్కుల సంఘాల లెక్కలో 30,000 మంది. శవం లేదు, కేసు లేదు, అడిగితే తెలియదనేవాళ్లు. 1983 ఏప్రిల్‌లోనైతే, కనబడనివాళ్లు చనిపోయినట్టే లెక్క అని ఒక డాక్యుమెంట్ ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఆ సెప్టెంబర్ 21న, ఇంకా సైన్యమే పాలిస్తుండగా, ఆగెర్రెబెర్రీ, ఫ్లోరెస్, కెక్సెల్ అనే ముగ్గురు ఆర్టిస్టులు బ్యూనస్ ఐరిస్‌లోని ప్లాజా దె మాయో అనే కూడలికి కాగితం చుట్టలు, రంగులు పట్టుకొచ్చారు. బిడ్డల కోసం వెతికే తల్లుల ఊరేగింపు ఆ రోజే. ఒకరు కాగితం మీద పడుకుంటే ఇంకొకరు చుట్టూ గీశారు. కనబడకుండా పోయిన మనిషికి మన ఒళ్లు అరువివ్వడం అన్నమాట. ఈ పద్ధతి ఆలోచించడమే ఆర్టిస్టుల పని, కాసేపటికి జనమే అందుకున్నారు, వీళ్ల అవసరమే లేకపోయింది.

కాగితంపడవ:
తల్లులు పెట్టిన షరతు కూడా చెప్పాలి. నేల మీద వేయొద్దన్నారు. హత్య జరిగిన చోట పోలీసులు శవం చుట్టూ గీత గీస్తారు కదా, అలా కనబడితే మా పిల్లలు పోయారని మేమే ఒప్పుకున్నట్టు అవుతుందని. అందుకే అన్నీ నిలబెట్టి గోడలకు అంటించారు. ప్రాణాలతో తెచ్చివ్వండి అనేది వాళ్ల డిమాండ్. గర్భిణుల్ని కూడా తీసుకుపోయారు, వాళ్ల ఆకారాలకు పొట్ట దగ్గర దిండు పెట్టుకుని గీయించుకున్నారు, అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

గోడబొమ్మ:
నిలబెట్టడం వెనక ఇంత ఉందని తెలీదు, థాంక్సండీ. ముఖం వేస్తే అది ఒక్కరిదే అయిపోయేది, ఇప్పుడు అర్థమైంది.

పాతపేపర్లు:
అనుకున్నది అదే, పేర్లు కూడా వద్దనుకున్నారు. కానీ అక్కడికి వచ్చినవాళ్లు ఆగలేదు, తమవాళ్ల పేరు, ఎత్తుకుపోయిన తేదీ ఆ ఆకారాల మీద రాసేశారు.