పాలిష్ మీద పేపర్ (ఉప్పుకాగితం) కొట్టడానికి తడి దేనితో? నీళ్లా, టర్పెంటైనా, నూనెనా?

టేకుబల్ల_కావలి:
టేకు డైనింగ్ బల్లకు మెరుపు (గ్లాసీ) మెలమైన్ పాలిష్ కొట్టించి పది రోజులైంది. చెయ్యి పెడితే దుమ్ము గింజలు తగులుతున్నాయి. అవి పోయి మ్యాట్ మెరుపు వస్తే చాలు. మేస్త్రీ కిరసనాయిలంటున్నాడు, షాపులో సబ్బునీళ్లన్నారు, ఇంట్లో కొబ్బరినూనె ఉంది. ఏది మేలు? పాత లక్క పాలిష్ పెట్టె ఒకటుంది, దానికీ అదేనా?

రంపంపొట్టు_ఒంగోలు:
అన్నా, జారుడు పెరిగే కొద్దీ కోత తగ్గుతుంది. నీళ్లు త్వరగా కోస్తాయి. నూనె నెమ్మదిగా కోస్తుంది, గీతలు సన్నగా పడతాయి. ఎం.టి.ఓ. (మినరల్ టర్పెంటైన్ ఆయిల్, పెయింటు షాపులో దొరికే టర్పెంటైన్) మధ్యస్థం. మెలమైన్‌కు నీళ్ల భయం లేదు, గింజలు తీయడానికి సబ్బునీళ్లే వాడండి. లీటరుకు గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా. ఒంటిసబ్బు వద్దు, మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, సబ్బు విరిగి తెల్లటి తెట్టు కడుతుంది.

600 నంబరు వాటర్ పేపర్ (తడిపి వాడే ఉప్పుకాగితం) పావుగంట నానబెట్టి, రబ్బరు దిమ్మెకు చుట్టి చెక్క నార వెంటే కొట్టాలి. తర్వాత ఇంకా సన్నటి 800, 1000. నంబరు మారినప్పుడల్లా మురుగు పూర్తిగా తుడవాలి, ముతక రేణువు ఒక్కటి మిగిలినా గీత పడుతుంది. మురుగు తెల్లగా ఉన్నంతసేపు పూతే అరుగుతోందని లెక్క. గోధుమ రంగుకు తిరిగితే చెక్క తగిలినట్టే, వెంటనే ఆపాలి. పేపర్‌కు ఉండలు కడుతుంటే పూత ఇంకా పచ్చిగా ఉంది, మరో వారం ఆగండి.

అంచుల దగ్గర పూత పలచన. దిమ్మెను అంగుళం ఇవతలే ఆపి, అంచుల మీద అరిగిన పేపర్‌తో చేత్తో రెండుసార్లు లాగితే చాలు. అక్కడ తెగితే నీళ్లు పీల్చి నార లేస్తుంది.

లక్కపెట్టె_నెల్లూరు:
లక్కకు నీళ్లొద్దు, తడి నిలిస్తే తెల్లమచ్చ పడుతుంది. స్పిరిట్ (ఆల్కహాల్) తగిలితే లక్క కరుగుతుంది. ఎం.టి.ఓ., మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ సగం సగం కలిపి వాడండి. కొబ్బరినూనె ఆరదు, సందుల్లో నిలిచి కంపు కొడుతుంది. అవిసెనూనె జోలికి అసలు పోవద్దు. ఆరేటప్పుడు జిగటవుతుంది, తడిసిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. కిరసనాయిలు పనిచేస్తుంది గానీ ఆ జిడ్డు వదలాలంటే మళ్లీ ఎం.టి.ఓ.తోనే తుడవాలి.

టేకుబల్ల_కావలి:
చివర్లో స్టీల్ ఊల్ (ఇనుప పీచు) సబ్బునీళ్లతో రుద్దొచ్చా? పూత తెగితే మళ్లీ మెలమైన్ కొట్టొచ్చా?

రంపంపొట్టు_ఒంగోలు:
నీళ్లతో వద్దన్నా. తెగిన ఇనుప పోగులు తుప్పుపట్టి, చెక్కలోని వగరుతో కలిసి నల్లమచ్చలవుతాయి. 0000 (అతి సన్నటి) స్టీల్ ఊల్‌కు మైనం పాలిష్, పలచన చేయడానికి కాస్త ఎం.టి.ఓ. నీళ్లతోనే చేయాలంటే బూడిదరంగు నైలాన్ ప్యాడ్ తెచ్చుకోండి.

రెండోదానికి: కొట్టొచ్చు, కానీ మైనం తగలకముందే. జిడ్డు మీద మెలమైన్ పట్టదు, ఫిష్ ఐ (చేపకన్ను లాంటి) గుంటలు పడతాయి. అందుకే 1000 అయ్యాక బల్లను ఆరబెట్టి, పక్కనుంచి టార్చి వేసి చూడండి. తెగిన చోట్ల ముందు పూత వేయించి, ఆరాక అక్కడ మళ్లీ పేపర్ కొట్టి, ఆ తర్వాతే మైనం పట్టండి.