బ్లాక్‌బెర్రీ జామ్: ఎర్రవి ఏరి పారేయాలా?

ముళ్లకంచె:
పొదల వెంట తిరిగి కిలోన్నర అడవి బ్లాక్‌బెర్రీలు కోసుకొచ్చాం. పిల్లలు కోసినవాటిలో ఎర్రగా, దోరగా ఉన్నవి చాలా కలిశాయి. జామ్ చేసేముందు వాటిని ఏరేయాలా? ఇంట్లో జామ్‌ని గట్టిపరిచే పెక్టిన్ పొడి లేదు. చక్కెర సగానికి తగ్గిద్దామని కూడా ఉంది.

జాడీమూత:
అయ్యో, పారేయకండి! మీ దగ్గర లేదంటున్న పెక్టిన్ ఉన్నది వాటిలోనే. పండు బాగా మాగితే పెక్టిన్ విరిగిపోతుంది, పులుపూ తగ్గుతుంది. నాలుగో వంతు దోరవి ఉంటే నాకైతే పండగే. మరీ ఎక్కువైతే వగరు తగులుతుంది. ఆకుపచ్చవి మాత్రం తీసేయండి.

చక్కెర దగ్గరే మీతో నాకు పేచీ. అది తీపి కోసమే కాదు. నీటిని చక్కెర పట్టుకుంటేనే పెక్టిన్ పోగులు ఒకదానితో ఒకటి అల్లుకుంటాయి. మామూలు పెక్టిన్ గట్టిపడాలంటే తయారైన జామ్‌లో 60-65 శాతం చక్కెర ఉండాలి. కిలో పండ్లకు 750 గ్రాముల కంటే తగ్గించకండి, ఒక నిమ్మకాయ పిండండి. తగ్గించి తీరాలంటే కాల్షియంతో గట్టిపడే వేరే రకం పెక్టిన్ కొనాలి.

వెడల్పాటి గిన్నెలో పండ్లు మెత్తబడ్డాకే చక్కెర వేయండి. అది పూర్తిగా కరిగాక మంట పెంచండి. 104-105 డిగ్రీల సెల్సియస్‌కి వస్తే అయినట్టే. థర్మామీటర్ లేకపోతే స్టవ్ ఆపి, ఫ్రీజర్‌లో పెట్టిన సాసర్ మీద చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టండి. ముడత పడాలి. స్టవ్ ఆపకుండా ఈ పరీక్ష చేస్తే ఈలోపు జామ్ ముదిరిపోతుంది.

కొండగాలి:
ఎత్తు ప్రాంతాల్లో 105 కోసం చూస్తే మాడుతుంది. అక్కడ నీళ్లు ఎంతకి మరుగుతాయో దానికి నాలుగైదు డిగ్రీలు కలుపుకోండి. గింజలు పంటికి తగలడం ఇష్టం లేకపోతే చక్కెర వేయకముందే గుజ్జు మొత్తం జల్లెడ పట్టండి.

జాడీమూత:
మొత్తమా? సగం చాలండీ. గింజ తగలని బ్లాక్‌బెర్రీ జామ్ నాకు సహించదు.

ముళ్లకంచె:
ఇంకొకటి. పక్క మొక్క నుంచి నల్లగా, నున్నగా మెరిసే పళ్లు కూడా కొన్ని కోశారు. వేరే కవర్లో ఉన్నాయి. కలపొచ్చా?

జాడీమూత:
వద్దు! పేరు తెలియని పండు ఒక్కటి కూడా గిన్నెలో పడకూడదు. బ్లాక్‌బెర్రీ అంటే చిన్న గుళ్లన్నీ కలిసిన ముద్ద. నున్నగా గోళీలా ఉంటే అది వేరే జాతి. బెల్లడోనా పళ్లూ నల్లగా మెరుస్తాయి, కాస్త తియ్యగానే ఉంటాయి, కానీ విషం. ఉడికిస్తే పోతుందనుకోకండి. పిల్లలు తిన్నారా? తింటే ఇక్కడ నా జవాబుల కోసం చూడకండి, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ముళ్లకంచె:
ఒక్కొక్కరినీ విడిగా అడిగాను, ఎవరూ తినలేదు. ఆ కవర్ పారేశాను. ఎర్రవి ఉంచాను, చక్కెర కిలోకి 750 లెక్కనే. సాసర్ ఫ్రీజర్‌లో పెట్టాను.