సమస్యాపూరణం: పురుగు చచ్చి లెక్క పరుగు తీసె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలదిలో.

*పురుగు చచ్చి లెక్క పరుగు తీసె*

ఇందులో ఉన్నది ప్రాసయతి (పురుగు, పరుగు: రెండో అక్షరాలు కలిశాయి). పూరణ కంప్యూటర్ల ముచ్చటే కావాలి, చెప్పిన సంగతి నిజమై ఉండాలి. గణాలతో పాటు దాన్నీ తూకం వేస్తాం.

టంకం బాబాయి:

శలభ మొకటి వచ్చి చచ్చె రిలేయందు
పట్టి తీసినారు భద్రముగను
పుటకు నతికిరంత బుద్ధిమంతు లచట
పురుగు చచ్చి లెక్క పరుగు తీసె

నిర్వాహకుడు: బాబాయి గారూ, నడక హాయిగా ఉంది. హార్వర్డ్ మార్క్ 2 అనే పాతకాలపు కంప్యూటరు, 1947 సెప్టెంబరు 9, ఎఫ్ ప్యానెల్‌లో 70వ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు). సంగతి అదే కదా? అయితే ఒక పేచీ. పురుగు చచ్చి రిలేలో ఇరుక్కున్నందుకే లెక్క ఆగింది. పరుగు తీసింది దాన్ని బయటికి లాగాక. మీ పూరణలో చావే మేలు చేసినట్టుంది.

యతిమతి: ఇంకో పేచీ నాది. చచ్చింది పురుగు, పరుగెత్తింది లెక్క. క్త్వార్థానికి ("చచ్చి" లాంటి అసమాపక క్రియకు), తరవాతి క్రియకు కర్త ఒకటే ఉండాలి కదండీ?

టంకం బాబాయి: "వాన కురిసి చెరువు నిండింది" అని ఊరంతా అంటుంది. చెరువును అడ్డుకోండి ముందు.

చీకటితెర:

గ్రేసు హాపరమ్మ కీటకమ్మును పట్టె
నలువదైదునాడు నవ్వుకొనుచు
బగ్గనంగ నదియె భాష కెక్కె నపుడె
పురుగు చచ్చి లెక్క పరుగు తీసె

నిర్వాహకుడు: ఛందస్సులో వేలు పెట్టడానికి సందు లేదు. సంగతికొస్తే పాదానికో తప్పు! తొలితరం ప్రోగ్రామర్ హాపర్ గారు ఈ కథను ఊరూరా చెప్పారు గానీ, ఆవిడ చెప్పిన కథలోనూ పురుగును పట్టింది మరొకరే. ఏడాది 1945 అని పాత రాతల్లో కనిపిస్తుంది, ఆ పుట ఉన్న లాగ్ పుస్తకాన్ని (యంత్రం పనితీరు రాసుకున్న దినచర్యను) దాచిన స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియం మాత్రం 1947 అంటుంది. ఇక మూడో పాదం. బగ్ (ఇంగ్లీషులో పురుగు) అన్న మాట లోపానికి పేరుగా అప్పుడే పుట్టలేదు. ఎడిసన్ 1878లోనే తన ఉత్తరంలో యంత్రాల్లోని లోపాలను బగ్స్ అన్నాడు.

చీకటితెర: ఏదో పత్రికలో చదివిన గుర్తండీ. పద్యంతో పాటు గుర్తుకూ సవరణ పెట్టాలా?

నిర్వాహకుడు: పెట్టాలి. పుటకు పురుగును అతికించి ఆ యంత్రం నడిపినవాళ్లు రాసిన మాట చూడండి: "బగ్ నిజంగా దొరికిన మొదటి సందర్భం". ఆ "నిజంగా" దగ్గరే ఉంది చమత్కారమంతా. బగ్ అన్న మాట అప్పటికే అందరి నోళ్లలో నానకపోతే అక్కడ నవ్వేముంది? జోకు రాసినవాళ్లు నవ్వుకున్నారు. తరవాతివాళ్లు నవ్వు వదిలేసి, దాన్నే పుట్టుక పత్రం చేసేశారు. క్విజ్ పోటీల్లో ఇప్పటికీ మార్కులు పడుతున్నాయి దానికి!

చీకటితెర: అయితే ఇది చూడండి.

పేరు మునుపె గలదు, వేడుక కోసమై
"నిజపు పురుగు దొరికె నేడ"టంచు
అతికి చూపి నవ్వి యా తరువాతనే
పురుగు చచ్చి లెక్క పరుగు తీసె

నిర్వాహకుడు: భేష్! "యా తరువాతనే" అనడంతో బాబాయి గారి పూరణకు నేను పెట్టిన పేచీ కూడా తీరిపోయింది.

టంకం బాబాయి: తీరలేదు. పురుగు ఇంకా నాలుగో పాదంలోనే చస్తోంది.

యతిమతి: ఇంటి సంగతి ఒకటి.

సీపియూను విప్పి చూడగా చీమలు
ఫ్యానులోన నొకటి పట్టియుండ
ఊది తుడిచినంత నుత్సాహమున నాడె
పురుగు చచ్చి లెక్క పరుగు తీసె

టంకం బాబాయి: యతిమతి గారికే యతి తప్పింది! సీకి చూ కుదరదు. "సీపియూను విప్పి చీమల దులిపితి" అనండి.

నిర్వాహకుడు: సవరణ బాగుంది. సంగతి కూడా నిలుస్తుంది. ఫ్యాను ఆగితే ప్రాసెసరు వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాను తిరిగితే లెక్క పరుగు తీయడం నిజమే. కాకపోతే ఒక్క చీమకు ఫ్యాను ఆగుతుందా?

యతిమతి: దుమ్ము కూడా ఉందండీ. గణాల్లో పట్టలేదు.

నిర్వాహకుడు: వచ్చే వారం సమస్య: *చెరిపినంత గుర్తు చేరి వచ్చె*. డాస్‌లో (పాత కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్) ఫైలు చెరిపితే డిస్కు మీద దాని పేరులో మొదటి అక్షరం మారేది, లోపలి సరుకు అలాగే ఉండేది. ఆ రోజులు చూసినవారు మిగతావాళ్లకు రెండు రోజులు అవకాశమివ్వండి. బాబాయి గారూ, మీకే చెబుతున్నా.