ఏడాది ప్రణాళిక జూన్‌లోనే స్కౌట్‌మాస్టర్ రాసేయాలా, పెట్రోల్ లీడర్లకు వదలాలా?

సరుగుడు_కర్ర (కోనసీమ)

జూన్ 12న బడులు తెరుస్తారు. ట్రూప్ (బడిలోని స్కౌట్ దళం) ఏడాది ప్రణాళిక ఎవరు రాయాలన్న దానిమీద రెండు మాటలు వినిపిస్తున్నాయి. స్కౌట్‌మాస్టరే తేదీలతో సహా మొత్తం రాసి గోడకి అంటించాలని కొందరంటారు. పెట్రోల్ లీడర్ల కౌన్సిల్, అంటే ట్రూప్‌లోని చిన్న జట్లకి నాయకులైన పిల్లల సభ, కూర్చుని ఎప్పటికప్పుడు తేల్చుకోవాలని ఇంకొందరు. నాది మొదటి మాట. ఎందుకో లెక్క వేసి చెప్తాను.

జూన్ 12 నుంచి ఏప్రిల్ 23 దాకా 45 వారాలు. దసరా, సంక్రాంతి సెలవులకి 3 పోతాయి. ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షలకి కలిపి 6. వానలు, వినాయక చవితి, రెండో శనివారాలు, మాస్టార్లకి పడే ఇతర డ్యూటీలకి ఇంకో 6 తీసేయండి. వారానికొకటి చొప్పున మిగిలేవి 30 శనివారం కూటములు. ఒక్కోటి గంటన్నర. అందులో జెండా, ప్రార్థన, తనిఖీ, ముగింపుకి 25 నిమిషాలు పోతే 65 నిమిషాలు దక్కుతాయి. ఏడాది మొత్తానికి నేర్పడానికి దొరికే సమయం ముప్పై రెండున్నర గంటలు. అంతే.

ఈ ముప్పై రెండున్నర గంటల్లో ప్రవేశ్ (కొత్తగా చేరిన) వాళ్లూ, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్ వాళ్లూ ఒకే మైదానంలో ముందుకి కదలాలి. ఒక్కో మెట్టుకీ కనీస గడువుంది, మనం తగ్గించలేం. తృతీయ సోపాన్ పరీక్షా శిబిరం జిల్లా అసోసియేషన్ పెడుతుంది, దాని పై మెట్టు రాజ్య పురస్కార్‌ది రాష్ట్ర అసోసియేషన్. ఆ తేదీలు మన చేతిలో ఉండవు. ఒక శిబిరం తప్పితే తర్వాతది ఎప్పుడు పెడతారా అని ఎదురు చూడాలి, ఈలోగా పిల్లాడు పదో తరగతికి వచ్చేస్తాడు. రైల్వేల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది కాబట్టి తల్లిదండ్రులు సర్టిఫికెట్ ఎప్పుడని అడుగుతారు, అడగడంలో తప్పు లేదు. పన్నెండేళ్ల పెట్రోల్ లీడర్ ఈ గడువులన్నీ పట్టుకుని వెనక్కి లెక్కేసుకుంటూ రాగలడా? నా ఉద్దేశంలో రాలేడు.

పాలమూరు_ట్రూప్

లెక్క మంచిగుంది సార్. కాని ఆ లెక్కలో పెట్రోల్ లీడర్ పనేందో ఎక్కడా కనపడలే.

1907లో బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పవెల్ పెట్టిన మొదటి శిబిరంలో ఉన్నది 20 మంది పిల్లలు. వాళ్లను నాలుగు పెట్రోళ్లు చేసి, ఒక్కోదానికి ఒక పిల్లాణ్నే నాయకుణ్ని చేసిండు. స్కౌటింగ్ మొదలైందే అట్లా. ప్రణాళిక మొత్తం మాస్టారు రాసిస్తే పెట్రోల్ లీడర్‌కు మిగిలేది హాజరు తీసుకోవడం, వరసలు సర్దడం. ఆ పని క్లాస్ లీడర్ రోజూ చేస్తనే ఉన్నడు.

వదిలేయడమంటే గాలికి వదిలేయడం కాదు. పద్ధతుంది. కౌన్సిల్‌కు వారం ముందు ప్రతి పెట్రోల్ విడిగా కూర్చుంటది. 6 నుంచి 8 మంది. మూడు ప్రతిపాదనలు తేవాలె: నేర్చుకునేది ఒకటి, బయటికి పోయేది ఒకటి, సేవ ఒకటి. నాలుగు పెట్రోళ్లుంటే 12 ప్రతిపాదనలు. కౌన్సిల్ రోజు మాస్టారు ముందుగా బోర్డు మీద మూడు నెలల వారాలు గీసి, పరీక్షలు, సెలవులు, జిల్లా శిబిరాల తేదీలు ఎర్ర చాక్‌పీస్‌తో కొట్టేయాలె. మిగిలిన ఖాళీలల్ల పిల్లలు తెల్ల చాక్‌పీస్‌తో నింపుతరు. 45 నిమిషాలు చాలు. మాస్టారు అడ్డం చెప్పేది రెండింటికే: ప్రమాదం ఉన్నప్పుడు, డబ్బు లేనప్పుడు. అడ్డం చెప్తే కారణం అక్కడే చెప్పాలె.

ఏడాది మొత్తం ఒకేసారి నింపొద్దు. జూన్‌ల రాసిన ఫిబ్రవరి హైక్ మీద ఏ పిల్లాడికి ఆసక్తి మిగలదు.

గైడ్_కెప్టెన్_సింహపురి

ఇద్దరూ ఎవరు రాయాలనే మాట్లాడుతున్నారండీ. ఏది ఎప్పుడు పెట్టకూడదో ముందు తేల్చండి. అది పిల్లలకీ వదలకూడదు, మన అభిప్రాయానికీ వదలకూడదు.

కోస్తాలో అక్టోబర్ నుంచి డిసెంబర్ మొదటి పక్షం దాకా రాత్రి బస ఉండే శిబిరం పెట్టొద్దు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న విశాఖని కొట్టింది. తిత్లీ 2018లో అదే నెలలో శ్రీకాకుళానికి వచ్చింది. మిచౌంగ్ 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మా నెల్లూరుకైతే ఈశాన్య రుతుపవనాలే అసలు వానాకాలం. నవంబర్ ఏడున భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఆవిర్భావ దినం కదా అని ఆ వారంలో క్యాంపు రాసుకుంటారు. ఆ రోజుకి జెండా స్టిక్కర్లు, ర్యాలీ పెట్టుకోండి, చాలు. క్యాంపుకి మాకు జనవరి చివర, ఫిబ్రవరి మంచివి. తెలంగాణలో డిసెంబర్ బాగుంటుంది, కానీ చలికి దుప్పట్ల జాబితా ముందే ఇవ్వాలి. మార్చి వచ్చిందంటే ఒంటిపూట బడులు, ఎండలు. అప్పుడు ఉదయం తొమ్మిది దాటాక మైదానం మర్చిపోండి.

నీళ్ల లెక్క జూన్‌లోనే వేసుకోవాలి, ఎందుకంటే స్థలం ఎంపిక దాన్నిబట్టే ఉంటుంది. 32 మంది పిల్లలు, నలుగురు పెద్దలు అనుకుంటే మనిషికి రోజుకి 20 లీటర్ల చొప్పున 720 లీటర్లు. అందులో తాగడానికీ వంటకీ 180 విడిగా మూత పెట్టి ఉంచాలి. ట్యాంకు నీళ్లయితే 1000 లీటర్లకి మంచి బ్లీచింగ్ పౌడర్ రెండున్నర గ్రాములు. నేరుగా చల్లేస్తారు చాలామంది, తప్పు. ముందు కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి, బకెట్ నీళ్లలో పలచన చేసి, సున్నం అడుగుకి దిగాక పైన తేటని మాత్రమే ట్యాంకులో పోయాలి. గంట ఆగాక వాడాలి. పాత పొట్లంలో ఉన్న పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, అది వేసినా వేయనట్టే. క్యాంపుకి ముందు కొత్తది కొనండి.

ఆడపిల్లల కంపెనీ (గైడ్ల దళం) అయితే గైడ్ కెప్టెన్ ఒక్కరు చాలరు, ఇంకో మహిళ తోడుండాలి. తలుపు గడియ పడే మరుగుదొడ్లు ఉన్నాయో లేవో స్థలానికి వెళ్లి కళ్లతో చూసి రావాలి. హెడ్‌మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల అంగీకార పత్రాలు నెల ముందు మొదలుపెట్టకపోతే ఆఖరి రోజున సగం మందే బస్సెక్కుతారు.

సరుగుడు_కర్ర

మేడమ్ చెప్పిన తేదీల సంగతి తిరుగులేనిది. ఎర్ర చాక్‌పీస్ పద్ధతి కూడా బాగుంది మాస్టారూ. కానీ ఆ ఖాళీలు పిల్లలకి ఇచ్చినప్పుడు ఏం నిండుతుంది? ఆటలు, క్యాంప్‌ఫైర్, విహారం. స్క్వేర్ లాషింగ్ (నిలువు కర్రకి అడ్డ కర్రని తాడుతో బిగించి కట్టడం) కావాలని ఎవరూ రాయరు. అది వరసగా మూడు వారాలు పడితేగానీ చేతికి రాదు. మొదటి వారం క్లోవ్ హిచ్ ముడి ఒక్కటే, కళ్లు మూసుకుని కట్టేదాకా. రెండో వారం లాషింగ్. మూడో వారం దానితో ప్లేట్ల ర్యాకో చెప్పుల స్టాండో కట్టి బరువు పెట్టి చూడటం. మధ్యలో ఒక వారం విహారం దూరిందంటే మళ్లీ మొదటికొస్తుంది. ఈ వరస మాస్టారే రాయాలి.

పాలమూరు_ట్రూప్

లాషింగ్ రాకపోవడానికి వరస ఒక్కటే కారణం కాదు సార్. 30 మందిని గుండ్రంగ నిలబెట్టి మాస్టారు ఒక్కడే రెండు కర్రలతో చూపిస్తడు. ముందు వరసలో ఆరుగురికి కనపడతది. మిగిలినోళ్లకు మాస్టారి వీపు కనపడతది.

ఇట్లా చేసి చూడండి. కూటమికి ముందు రోజు నలుగురు పెట్రోల్ లీడర్లు, వాళ్లకు తోడుండే నలుగురు సెకండ్‌లు, మొత్తం 8 మందికే అరగంట నేర్పండి. మరునాడు పెట్రోల్ కార్నర్‌లో వాళ్లే నేర్పుతరు. ఇద్దరికి రెండు కర్రలు, ఒక తాడు. ఎనిమిది మంది పెట్రోల్‌కు 8 కర్రలు, 4 తాళ్లు. ట్రూప్ మొత్తానికి 32 కర్రలు, 16 తాళ్లు. తాడు పొడవుకు లెక్కుంది: రెండు కర్రల మందం అంగుళాలల్ల కలిపి, అంగుళానికి మూడడుగులు. రెండంగుళాల కర్రలు రెండైతే 12 అడుగులు. పదహారు తాళ్లకు 192 అడుగులు, అంటే దాదాపు 60 మీటర్లు.

నైలాన్ తాడు కొనొద్దు. వెదురు నున్నగుంటది, నైలాన్ నున్నగుంటది, ఎంత బిగించినా జారుతది. నూలు తాడో కొబ్బరి నార తాడో తెచ్చి, కొసలు విడిపోకుండ దారంతోని విప్పింగ్ చేయించండి. పచ్చి వెదురు కూడా వద్దు. ఎండినంక కుదించుకుపోయి పొద్దున బిగించిన కట్టు మూడు రోజులకు వదులైతది. కోనసీమల మీకు సరుగుడు కర్రలు దొరుకుతయి, మాకన్న మీకే సులువు.

కట్టేటప్పుడు పిల్లలు తప్పేది ఎక్కువ ఒకే దగ్గర. నిలువు కర్రకు, అడ్డ కర్ర కింద క్లోవ్ హిచ్ వేస్తరు, మూడు చుట్లు మంచిగనే చుడతరు, కాని కర్రల మధ్యల నుంచి రెండు సార్లు అడ్డంగ బిగించే ఫ్రాపింగ్ వదులుగ పోనిస్తరు. కట్టును పట్టి ఉంచేది అదే. ఒకరు కర్రలు పట్టుకుంటే ఇంకొకరు ప్రతి ఫ్రాపింగ్‌కు తాడును ఒంటి బరువంత వేసి లాగాలె. చివరన అడ్డ కర్రకు క్లోవ్ హిచ్. పెట్రోల్ లీడర్ ఈ ఒక్కటి పట్టుకుంటే చాలు.

ఇక లాషింగ్ ఎవరు కోరుకుంటరంటరా? క్యాంపుల వంటపాత్రలు నేల మీద పెట్టొద్దని కౌన్సిల్ల ముందే నియమం పెట్టండి. ర్యాక్ కావాలని వాళ్లే అడుగుతరు. అడిగినంక వరసగ మూడు వారాలు వాళ్లే రాసుకుంటరు.

ఫ్రిస్కో_తెలుగు

ఇక్కడ టెక్సస్‌లో మా తెలుగు పిల్లలు చాలామంది ఉన్న ట్రూపుల్లో ఏడాది ప్రణాళిక పిల్లలే చేస్తారు. సీనియర్ పెట్రోల్ లీడర్ నడిపిస్తాడు. అయితే వాళ్లు కూర్చునేలోపు పెద్దలు రెండు కాగితాలు చేతికిస్తారు: స్కూల్ డిస్ట్రిక్ట్ క్యాలెండర్, కౌన్సిల్ (ఇక్కడ ఆ ప్రాంతపు స్కౌట్ సంస్థ) క్యాలెండర్. పిల్లలు చేసింది ట్రూప్ కమిటీకి వెళ్తుంది. కమిటీ చూసేది ఖర్చు, రవాణా, ప్రతి కార్యక్రమానికీ 21 ఏళ్లు దాటిన రిజిస్టర్డ్ లీడర్లు ఇద్దరు దొరుకుతారా అన్నది. ఇద్దరు దొరక్కపోతే ఆ కార్యక్రమం లేనట్టే. ఈ చివరి నియమం మన దగ్గర కూడా రాతపూర్వకంగా పెట్టుకుంటే మంచిది.

కబ్‌మాస్టర్_వైజాగ్

ఈ చర్చ కబ్ ప్యాక్‌కి (స్కౌట్లకన్నా చిన్న పిల్లల దళానికి) వర్తించదని ఒక మాట. ఆరేళ్ల పిల్లలు కౌన్సిల్ పెట్టలేరు. అక్కడ ప్రణాళిక కబ్‌మాస్టరే రాయాలి, అదీ పావుగంటకో పని మారేలా.

మూడు_సోపానాలు (వరంగల్)

అందరూ మర్చిపోయింది ఇంకోటి ఉంది. పై నుంచి వచ్చే పిలుపులు. ఆగస్టు 15, జనవరి 26 కవాతులు, జాతరలు, పుష్కరాలు, మంత్రిగారు వస్తున్నారంటే స్వాగత వరస. స్కౌట్లకి సేవ ధర్మమే. మేడారంలో, తిరుమల బ్రహ్మోత్సవాల్లో మన పిల్లలు చేసే సేవ గొప్పది. కానీ ప్రణాళికలో దానికి చోటు పెట్టకపోతే నేర్చుకునే వారాల్నే తినేస్తుంది. 30 కూటముల్లో 5 ఖాళీగా రాసుకోండి. పిలుపు వస్తే వాడండి, రాకపోతే వానకి పోయిన పాఠం చెప్పండి. పరీక్షా శిబిరానికి ముందు రెండు వారాల్లో మాత్రం స్వాగత వరసలకి పంపించలేమని హెడ్‌మాస్టర్ ద్వారా జూన్‌లోనే రాసి పెట్టండి. అప్పటికప్పుడు కాదంటే ఎవరూ వినరు.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ తీరం ట్రూపులు సేవకి వెళ్లేట్టయితే షరతులు ముందే రాసుకోవాలి. ఘాట్ మెట్ల మీద, నీటి అంచున పిల్లల్ని నిలబెట్టకూడదు. తప్పిపోయిన వాళ్ల కేంద్రం, తాగునీళ్లు, చెప్పుల స్టాండ్, దారి చూపడం, ఇవే వాళ్ల పనులు. రెండు గంటలకో షిఫ్ట్, ఇద్దరేసి జంటగా, ఎనిమిది మందికి ఒక పెద్ద. ఓఆర్ఎస్ ప్యాకెట్లు సంచిలో ఉండాలి. అవి అయిపోతే లీటరు శుభ్రమైన నీటికి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ కొలతగా, తల కొట్టి. ఉప్పు ఎక్కువైతే హాని చేస్తుంది. ఇది పిల్లలకి ప్రథమ చికిత్స పాఠంగా జూలైలోనే నేర్పేస్తే సేవ రోజున పనికొస్తుంది.

సరుగుడు_కర్ర

ఖాళీ వారాల సంగతి బాగా చెప్పారు. మూడు నెలలకోసారి కౌన్సిల్ కూర్చోవడానికి నాకు అభ్యంతరం లేదు. లాషింగ్ లాంటివి వాళ్ల చేత అడిగించుకునే పద్ధతి కూడా పాటించదగ్గదే. కానీ తృతీయ సోపాన్‌కి తయారయ్యే పిల్లల వారాలు మాత్రం మాస్టారే రాయాలి, తేదీతో సహా. అక్కడ తగ్గను. జిల్లా శిబిరానికి లాగ్‌బుక్ లేకుండా, ప్రావీణ్యత బ్యాడ్జీలు సగంలో వదిలేసి వెళ్లిన పిల్లాణ్ని ఏ కౌన్సిల్ ఆదుకుంటుంది?

పాలమూరు_ట్రూప్

తేదీలు మీరు రాయండి సార్, ఎర్ర చాక్‌పీస్‌తో. ఆ తయారీని శనివారం కూటమిలోకి తెస్తేనే నేను ఒప్పుకోను. తృతీయ సోపాన్‌కు పోయేది ఎవరు? ఎక్కువ ట్రూపులల్ల పెట్రోల్ లీడర్లే. వాళ్లను మైదానం అవతలికి తీసుకపోయి మ్యాప్, కంపాస్ చెప్తుంటే ఇవతల నాలుగు పెట్రోళ్లకు నాయకుడు ఉండడు. ప్రవేశ్ పిల్లలు కూర్చుని గడ్డి పీకుతరు. ఆరు వారాలు అట్ల జరిగితే కొత్తగ చేరినోళ్లల్ల సగం మంది దసరా తర్వాత రారు. వచ్చే ఏడాది తృతీయ సోపాన్‌కు మీకు పిల్లలే ఉండరు.

బుధవారం బడి అయినంక 40 నిమిషాలు పెట్టుకోండి, శిబిరానికి పది వారాల ముందు నుంచి. లాగ్‌బుక్ ప్రతి బుధవారం చూసి సంతకం పెట్టాలె, చివర్ల ఒకేసారి రాయిస్తే పరీక్షించేటోళ్లు సిరా చూసే పట్టేస్తరు. ప్రావీణ్యత బ్యాడ్జీలకు బయటి పరీక్షకులు కావాలె గదా, ప్రథమ చికిత్సకు పీహెచ్‌సీ డాక్టర్‌నో నర్సునో ఆగస్టులనే అడిగి పెట్టుకోండి. జ్వరాల సీజన్ల వాళ్లకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, అప్పుడు అడిగితే నవంబర్ అంటరు.

సరుగుడు_కర్ర

బుధవారం బస్సు పిల్లలకి కుదరదు మాస్టారూ. మా దగ్గర సగం మంది నాలుగున్నర బస్సుకి పోవాలి. ప్రార్థనకి ముందు ఉదయం 40 నిమిషాలైతే చూస్తాను.