ఈ వారం సమస్య: "తిన్న తిండియె యింటికి దీప మయ్యె"

నిర్వాహకుడు (తిరుపతి): తేటగీతి. తిన్నది అరగాలి గాని దీపమెట్లా అవుతుంది? వాతాపి కథతో మాత్రం రావద్దు. తొండవాడ అగస్త్యేశ్వరుడు మనకు పక్కనే కాబట్టి అందరికీ ముందు అదే తడుతుంది. ఈసారి జీవశాస్త్రంలోంచి రండి.

చంద్రగిరి: మైటోకాండ్రియా మీదండీ, కణానికి శక్తినిచ్చే భాగాలు. ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియాను ఏదో కణం మింగితే, అరక్కుండా లోపలే ఉండిపోయి అవే ఇవయ్యాయంటారు.

సూక్ష్మ జీవిని కణ మొండు చూచి మింగె
నరుగ లేదది, లోపలే యాశ్రయించి
యాక్సిజను గొని శక్తిని నందజేసె;
తిన్న తిండియె యింటికి దీప మయ్యె!

నిర్వాహకుడు: గణాలు, యతులు సరిపోయాయి. "చూచి" మాత్రం యతి కోసం తెచ్చిందే, కణానికి కళ్ళెక్కడివి? "చుట్టి మింగె" అనండి. యతి నిలుస్తుంది, అమీబా తినే తీరూ కనిపిస్తుంది.

పలమనేరు: 1905లో రష్యన్ వృక్షశాస్త్రవేత్త మెరెష్కోవ్‌స్కీ ఈ మాట చెప్పింది క్లోరోప్లాస్టుల (ఆకులో ఎండతో ఆహారం వండే పచ్చటి భాగాల) గురించి కదా, నేను ఆకు పట్టుకున్నా.

నీలి పచ్చని జీవిని నిలిపి కడుపు
లోన దాచిన కణమదే లోకమునకు
నెండతో వండి పెట్టెడి యింతి గాగ
తిన్న తిండియె యింటికి దీప మయ్యె!

నిర్వాహకుడు: మూడో పాదం చాలా బాగుంది! కానీ "కణమదే" అంటే వంట మింగిన కణానిది అవుతుంది. వండేది లోపలికి పోయిన సయనోబాక్టీరియా, అంటే మీ నీలి పచ్చని జీవి. "కణములో" అంటే చాలు, గణం మారదు, అదే నగం.

కుప్పం: పద్యాలు సరే. మింగుతుంటే చూసిందెవరు?

చంద్రగిరి: ఎవరూ చూడలేదు సార్, ఆనవాళ్ళున్నాయి. క్లోరోప్లాస్టులు వాటంతట అవే చీలి రెండవుతాయని జర్మన్ వృక్షశాస్త్రవేత్త షింపర్ 1883లోనే రాశాడు. 1920లలో అమెరికాలో వాలిన్ అనే శాస్త్రవేత్త మైటోకాండ్రియా కూడా బాక్టీరియాలేననీ, వాటిని కణం బయట పెంచాననీ అన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఆ పెంచడం సంగతి నమ్మకపోవడమే న్యాయం, ఎందుకంటే వాటి జన్యువులు చాలావరకు ఎప్పుడో కేంద్రకంలోకి వెళ్ళిపోయాయి. మన మైటోకాండ్రియాలో మిగిలినవి 37. ఇక బయట ఎట్లా బతుకుతాయి?

1960ల మొదట్లో మైటోకాండ్రియా, క్లోరోప్లాస్టు రెండింటిలోనూ సొంత డీఎన్ఏ దొరికింది. దాంతో కథ మారింది. మన మైటోకాండ్రియాలో అది బాక్టీరియాలో లాగే గుండ్రం. ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములూ ఆ తరహావే. చుట్టూ రెండు పొరలు. ఇవన్నీ ఒకచోట పేర్చి అమెరికన్ జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ (అప్పుడు లిన్ సేగన్) రాసిన వ్యాసాన్ని పదిహేను దాకా పత్రికలు తిప్పి పంపాయి. చివరికి 1967లో అచ్చయింది.

కుప్పం: అన్నిసార్లు తిప్పి పంపినా ఆమె వదల్లేదే! ఆమె మీద పూరణ ఏదీ?

నిర్వాహకుడు: మార్గులిస్ అంటే ర గణం, సులువే. రెండో చోట ర, మూడో చోట త పెడితే మెరెష్కోవ్‌స్కీ కూడా ఇరుకుతాడు. ఆదివారం దాకా గడువు.