ఇంటర్‌ఫేసా, అబ్‌స్ట్రాక్ట్ క్లాసా? తేల్చుకోలేకపోతున్నాను

నమస్కారమండీ. జావాలో పేమెంట్ మాడ్యూల్ రాస్తున్నాను. కార్డు, యూపీఐ, క్యాష్ ఆన్ డెలివరీ ఉన్నాయి. మొదట 'పేమెంట్' అనే అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ (మిగతా క్లాసులన్నిటికీ ఉమ్మడి కోడ్ ఉంచే మూల క్లాస్) పెట్టి, ఆర్డర్ నంబరు, సొమ్ము, గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపు నడిపే సర్వీస్) జవాబివ్వకపోతే స్టేటస్ మూడుసార్లు మళ్లీ అడిగే కోడ్, అన్నీ అందులోనే పడేశాను. కార్డుకీ యూపీఐకీ హాయిగా సరిపోయింది. చిక్కంతా క్యాష్‌తోనే. గుమ్మం దగ్గర చేతికిచ్చే నోట్లకి గేట్‌వే ఏంటి, స్టేటస్ ఏంటి? ఆ మెథడ్‌ని ఖాళీగా ఓవర్‌రైడ్ చేసి వదిలేశాను. చూసినప్పుడల్లా చిరాకేస్తోంది.

మా సీనియరేమో "అన్నీ ఇంటర్‌ఫేసులు చేసెయ్, జావా 8 నుంచి డిఫాల్ట్ మెథడ్స్ ఉన్నాయిగా" అంటున్నారు. అంటే, ఏ మెథడ్స్ ఉండాలో చెప్పే ఇంటర్‌ఫేస్‌లోనే వాటి కోడ్ కూడా రాసుకోవచ్చని. నిజమే, కానీ ఇంటర్‌ఫేస్‌లో పెట్టే ఫీల్డులన్నీ స్టాటిక్ ఫైనలే కదా, అంటే అన్ని ఆబ్జెక్టులకీ కలిపి ఒకటే, విలువ మార్చలేం. మరి ఏ పేమెంట్‌కి ఎన్నిసార్లు అడిగామన్న లెక్క ఎక్కడ దాచాలి? పైగా కార్డు క్లాస్ ఒక లైబ్రరీ క్లాస్‌ని ఎక్స్‌టెండ్ చేయాల్సొస్తోంది. జావాలో రెండు క్లాసుల్ని ఎక్స్‌టెండ్ చేయడం కుదరదాయె.

పైన 'పే' ఒక్కటే ఉన్న చిన్న ఇంటర్‌ఫేస్ పెట్టి, స్టేటస్ అడిగే పనిని వేరే క్లాస్‌గా విడదీసి, కావాల్సినవాటికే ఇస్తే సరిపోతుందా? లేక ఆన్‌లైన్‌వాటికి అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ ఉంచడమే మేలా? ఇలాంటిది చేసినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.